పాత స్విఫ్ట్‌కు అల్లాయ్ చక్రాలు, 3వ పాఠం: రిమ్ము కొలవడం, దానికి తగ్గ టైరు ఎంచుకోవడం

గత పాఠంలో టైరు గోడ మీది రాతలు చదవడం చూశాం. ఇప్పుడు రిమ్ము పని పడదాం. ఉదాహరణగా తీసుకున్న కారు అదే: 2005లో మన రోడ్ల మీదికి వచ్చిన మొదటి తరం మారుతి స్విఫ్ట్. దాని ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐ రకాలకు కంపెనీ ఇచ్చింది 14 అంగుళాల ఇనప రిమ్ము, 165/80 ఆర్14 టైరు (165 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు).

కావలసిన సామాను: వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, వంకర లేని అల్యూమినియం పట్టీ ఒకటి, టార్చిలైటు. డిజైను నచ్చిందని ముందే అడ్వాన్సు ఇచ్చేయకండి. కింది నాలుగు కొలతలు సరిపోయాకే బేరానికి దిగండి.

మొదటిది పీసీడీ, అంటే బోల్టు రంధ్రాలన్నీ కూర్చున్న వలయం వ్యాసం. స్విఫ్ట్‌కు నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు. ఎదురెదురు రంధ్రాల మధ్య దూరమే ఆ కొలత. రంధ్రం నడిమధ్య ఎక్కడో కంటితో అంచనా వేస్తే తప్పుతుంది. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి ఎదుటి రంధ్రం ఎడమ అంచు దాకా కొలవండి, ఖచ్చితంగా అదే దూరం వస్తుంది. 108 ఉన్న ఫోర్డ్ ఐకాన్ రిమ్ము అసలు ఎక్కదు కాబట్టి దానితో ప్రమాదం లేదు. ప్రమాదమల్లా 98 ఉన్న ఫియట్ పాలియో రిమ్ముతోనే. బలవంతంగా బిగిస్తే ఎక్కినట్టే ఉంటుంది. కానీ ప్రతి రంధ్రమూ ఒక మిల్లీమీటరు పక్కకు ఉంటుంది కాబట్టి నట్టు ఒకవైపే ఆనుతుంది, నట్టు ఎక్కే మరబోల్టు, అంటే స్టడ్డు, వంగుతుంది, కొన్నాళ్లకు నట్లు వదులవుతాయి. మారుతి కారుకు మారుతి రిమ్ము సరిపోతుందనుకోవడమూ పొరపాటే. మారుతి 800 పీసీడీ 114.3.

రెండోది నడిమి రంధ్రం. ఈ రంధ్రం కూర్చునే కారు ఇరుసు మధ్య భాగమే హబ్బు. స్విఫ్ట్ హబ్బు వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అల్లాయ్‌లను అనేక కార్లకు పనికొచ్చేలా పెద్ద రంధ్రంతో చేస్తారు, 67.1 గానీ 73.1 గానీ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఖాళీని హబ్ రింగుతో నింపాలి. 73.1 రిమ్ముకైతే బయట 73.1, లోపల 54.1 ఉన్న రింగులు నాలుగు. రింగు లేకపోతే రిమ్మును నడిమధ్యలో నిలబెట్టే భారం నట్ల మీదే పడుతుంది, వెంట్రుక వాసి పక్కకు కూర్చున్నా హైవే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు. బ్యాలెన్సింగ్ యంత్రం మీద రిమ్ము దాని సొంత నడిమి రంధ్రం ఆధారంగా తిరుగుతుంది, అక్కడ తప్పేమీ కనపడదు.

మూడోది నట్టు. చాలామంది దీన్ని పట్టించుకోరు, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. స్విఫ్ట్ స్టడ్డు 12 మిల్లీమీటర్ల మందం, 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). ఆటోనగర్ లాంటి చోట్ల హోండా సిటీ నుంచి తీసిన అల్లాయ్‌లు బాగా దొరుకుతాయి. వాటి పీసీడీ కూడా 100, నడిమి రంధ్రం 56.1, కాబట్టి కారుకు ఇట్టే ఎక్కుతాయి. అయితే హోండా రిమ్ములో నట్టు కూర్చునే గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. స్విఫ్ట్ నట్టు మూతి శంకువులా ఏటవాలుగా ఉంటుంది. గుండ్రటి గుంటలో ఏటవాలు నట్టు సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. ఎంత బిగించినా పట్టు దొరకదు, అల్యూమినియం కోసుకుపోతుంది. పోనీ హోండా నట్లే వాడదామంటే వాటి పిచ్ 1.5. రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటాయి, అక్కడ పానా మీద బలం పెడితే స్టడ్డు మర చెడుతుంది. కావలసింది గుండ్రటి మూతి, 1.25 పిచ్ ఉన్న నట్లు 16, హబ్ రింగులు నాలుగు. ఇవి చేతికి వచ్చేదాకా ఆ రిమ్ములు ఎక్కించకండి. ఏ నట్టయినా చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. రిమ్ముకు ఆనేలోపు కనీసం పది చుట్లు తిరగాలి.

నాలుగోది ఆఫ్‌సెట్, రిమ్ము వెనక ఈటీ అని ఉంటుంది. రిమ్ము వెడల్పు మధ్యగీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ కొలత. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. 5 అంగుళాల వెడల్పు, ఈటీ45 ఉన్న పాత రిమ్ము తీసి 6 అంగుళాల ఈటీ38 రిమ్ము పెట్టారనుకోండి. వెడల్పులో సగం 63.5 నుంచి 76.2 మిల్లీమీటర్లకు పెరిగింది. లోపలి వైపు 63.5+45=108.5 ఉన్నది 76.2+38=114.2 అయింది, అంటే సస్పెన్షన్ స్ట్రట్ (చక్రం వెనక నిలువుగా ఉండే షాక్ అబ్జార్బర్) వైపు 5.7 మిల్లీమీటర్లు దగ్గరయింది. బయటివైపు 63.5-45=18.5 ఉన్నది 76.2-38=38.2 అయింది, దాదాపు 20 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. ఇంతవరకు పరవాలేదు. 7 అంగుళాలు, ఈటీ35 అయితే బయటికి 35 మిల్లీమీటర్లు పైగా వస్తుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే టైరు ఫెండర్ అంచుకు రాసుకుంటుంది, వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్ రిమ్ము మీద ఈటీ అరిగిపోయిందా? రిమ్మును బోర్లా పెట్టి వెనక అంచుల మీదుగా పట్టీ అడ్డంగా ఉంచండి. పట్టీ అడుగు నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా కొలవండి. అది 122 వచ్చి, రిమ్ము అంచు నుంచి అంచుకు మొత్తం వెడల్పు 165 ఉంటే: 165లో సగం 82.5, 122 నుంచి తీసేస్తే 39.5. ఈటీ 40 అన్నమాట. పట్టీ నిలిపినప్పుడు ఏ వైపు వెలుతురు దూరినా ఆ అంచు వంగి ఉన్నట్టే, రిమ్ము వదిలేయండి.

ఇక టైరు. పాత టైరు మొత్తం ఎత్తుకు కొత్తది 2 శాతం లోపు తేడాలో ఉండేలా చూడండి. 165/80 ఆర్14 ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15 అయితే 621.5, తేడా లేనట్టే. 195/60 ఆర్15 అయితే 615, అదీ సరే. 195/55 ఆర్15 అయితే 595.5, దాదాపు 4 శాతం తక్కువ. కారు కిందికి దిగుతుంది, మీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. 205/65 ఆర్15 ఎత్తు 647.5, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఫెండర్ లోపల రాసుకునే ప్రమాదం ఉంది.

6 అంగుళాల రిమ్ము మీద మా ఎంపిక 185/65 ఆర్15. గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు ఉంటుంది, గుంతలో పడ్డా రిమ్ముకు దెబ్బ తగిలే ముందు టైరు కొంత మింగుతుంది. 16 అంగుళాల రిమ్ము, 195/50 టైరు పెడితే గోడ 97.5కు తగ్గుతుంది. వానాకాలం మన రోడ్ల మీద రిమ్ము అంచులు వంగేది అలాంటి టైర్లతోనే. లోడ్ ఇండెక్స్, అంటే ఒక టైరు మోయగల బరువును చెప్పే అంకె, పాత టైరుది 85, అంటే 515 కిలోలు. అంతకు తగ్గనివ్వకండి. 185/65 ఆర్15 సాధారణంగా 88తో వస్తుంది, 560 కిలోలు.

డిక్కీలోని స్టెప్నీ మాత్రం పాత ఇనప రిమ్మే కదా. దానికి సరిపోయే కంపెనీ నట్లు నాలుగు గుడ్డలో చుట్టి దానితోనే పెట్టండి.

వచ్చే పాఠంలోగా చేయాల్సిన లెక్క: 15 అంగుళాల రిమ్ము, వెడల్పు 5.5, ఈటీ42. పాత 5 అంగుళాల ఈటీ45తో పోలిస్తే లోపలికి ఎంత, బయటికి ఎంత? మీ కారు ముందు చక్రం విప్పి టైరుకూ స్ట్రట్‌కూ మధ్య సందు కొలిచి, మీకు వచ్చిన అంకె పక్కనే రాసిపెట్టుకోండి. బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఆ అంకెలతోనే మొదలుపెడదాం.