టోపీ రంగు చూసి ఏడాది పట్టుకున్నాను

టోక్యోలో పాత పుస్తకాల దుకాణాలుండే జింబోచోలో, పాత పత్రికల మధ్య కాల్బీ అనే జపాన్ చిరుతిళ్ల కంపెనీ ఇచ్చిన బేస్‌బాల్ కార్డుల కట్ట ఒకటి దొరికింది. పైన ‘1973’ అని రాసి ఉంది. చిరుతిళ్ల ప్యాకెట్లతో ఈ కార్డులివ్వడం ఆ ఏడే మొదలైంది కాబట్టి ధర కూడా గట్టిగానే చెప్పారు. కార్డుల మీద మాత్రం ఏడాది ఎక్కడా కనబడలేదు.

అందుకని ఆటగాళ్ల బట్టలు చూడటం మొదలుపెట్టాను. హిరోషిమా కార్ప్ ఆటగాడి తల మీద ఎర్ర టోపీ! ఆ జట్టు ఎరుపుకు మారింది 1975లో. సగం టెన్షన్ అక్కడే తీరింది. జెయింట్స్ జట్టు స్టార్ నగాషిమా 1974 చివర్లో ఆట మానేసి, మరుసటి ఏడు అదే జట్టుకు మేనేజర్ (కోచ్ లాంటివాడు) అయ్యాడు. ఇందులో ఆయన మేనేజర్‌గానే ఉన్నాడు.

ఇక లయన్స్ జట్టు. దాని పేరు ముందుండే మాట మారుతూ వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం ఇదే. 1973 నుంచి 1976 వరకు తైహేయో క్లబ్, తర్వాత రెండేళ్లు క్రౌన్ లైటర్, 1979 నుంచి సెయిబు. నా కట్టలో ఉన్నవన్నీ తైహేయోవే.

పాత ఫొటోను తర్వాతి ఏడాది కార్డుకు వాడే వీలుంది. కాబట్టి యూనిఫాం చెప్పేది ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రమే. అందుకే కవర్ మీద ‘1975కి ముందుది కాదు, బహుశా 1975–76’ అని రాసుకున్నాను. అది చూపిస్తే ధర కూడా తగ్గించారు.