పాత ల్యాప్‌టాప్‌లో కోడ్ రాయడానికి ఫాంటు, బ్రౌజరు ఎలా అమర్చుకోవాలి?

4 జీబీ ర్యామ్, 1366×768 తెర ఉన్న ల్యాప్‌టాప్ ఇంట్లో మూలన పడి ఉంటే దానిమీద ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. ఇబ్బంది పెట్టేవి సాధారణంగా రెండు: కాసేపటికే కళ్ళు లాగేసేంతగా అలుక్కుపోయిన అక్షరాలు, నాలుగు ట్యాబులు తెరవగానే కదలకుండా మొరాయించే బ్రౌజరు. రెండింటికీ ఓపెన్ సోర్స్‌లో మంచి దారులు ఉన్నాయి. అయితే ఎవరో మెచ్చుకున్న పేరు చూసి దింపుకోవడం కన్నా, మీ తెరమీద మీరే పరీక్షించి ఎంచుకోవడం మేలు. ఇక్కడ చెప్పే పద్ధతి లినక్స్ కోసం. ఫాంట్ల విషయం మాత్రం విండోస్‌కూ చాలావరకు వర్తిస్తుంది.

ఫాంటును పరీక్షించి ఎంచుకోవడం

కోడింగ్ ఫాంటులో ప్రతి గుర్తూ ఒకే వెడల్పులో ఉంటుంది కాబట్టి వరసలు నిలువుగా కలుస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది, ఒకలాగే కనిపించే గుర్తులను అది విడదీసి చూపించాలి. ఒక ఖాళీ ఫైలు తెరిచి క్యాపిటల్ ఓ పక్కన సున్నా, తరవాత స్మాల్ ఎల్, క్యాపిటల్ ఐ, ఒకటి అంకె, ఆపైన కామా, ఫుల్‌స్టాప్, గుండ్రటి బ్రాకెట్టు, మీసాల బ్రాకెట్టు వరసగా టైప్ చేయండి. మీరు మామూలుగా కూర్చునే దూరం నుంచి, తల ముందుకు వంచకుండా, అన్నిటినీ తడుముకోకుండా చదవగలిగితే ఆ ఫాంటు పరీక్ష నెగ్గినట్టు. ఒక వేరియబుల్ పేరు చివరనున్న స్మాల్ ఎల్‌ను ఒకటి అంకెగా చదివి, ఆ పేరు దొరకలేదన్న ఎర్రర్‌నే మళ్ళీమళ్ళీ చూస్తూ ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాక గాని నేను ఈ పరీక్ష అలవాటు చేసుకోలేదు.

పరీక్షకు పెట్టదగినవి కొన్ని ఉన్నాయి. అడోబీ 2012లో విడుదల చేసిన సోర్స్ కోడ్ ప్రోలో సున్నా నడుమ చుక్క ఉంటుంది; రాఫ్ లెవియన్ రూపొందించిన ఇన్‌కన్సొలాటాలో సున్నాకు అడ్డగీత ఉంటుంది. 2020లో వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనోలో చిన్న అక్షరాలను కావాలనే కాస్త ఎత్తుగా గీశారు కనుక చిన్న సైజులో కూడా అవి నలిగినట్టు అనిపించవు. పిక్సెళ్ళు తక్కువగా ఉన్న పాత తెరమీద సన్నని గీతల ఫాంట్లు మసకబారతాయి కాబట్టి, అలాంటి తెరకు బిట్‌స్ట్రీమ్ వేరా, డేజావూ ఫాంట్ల వంశం నుంచి వచ్చిన హ్యాక్‌ను ముందుగా వేసి చూడమంటాను.

వెడల్పు లెక్క కూడా చూసుకోవాలి. సోర్స్ కోడ్ ప్రోలోనూ జెట్‌బ్రెయిన్స్ మోనోలోనూ ఒక్కో గుర్తు వెడల్పు ఫాంటు సైజులో 60 శాతం, అయోసెవ్కా అనే ఇరుకైన ఫాంటులో సగమే. 14 పిక్సెళ్ళ సైజులో 80 గుర్తుల వరసలున్న రెండు ఫైళ్ళను పక్కపక్కన తెరిస్తే మొదటి రకానికి 1344 పిక్సెళ్ళు పడతాయి, అంటే 1366 పిక్సెళ్ళ తెరమీద వరస అంకెలకు కూడా చోటు మిగలదు. అదే పని అయోసెవ్కాలో 1120 పిక్సెళ్ళతో సరిపోతుంది. అక్షరాలు ఇరుకుగా ఉన్నాయనిపించినా రెండు రోజుల్లో కంటికి అలవాటవుతుంది.

ఇక ఫిరా కోడ్ వంటి ఫాంట్లలో లిగేచర్లు ఉంటాయి: ఆశ్చర్యార్థకం పక్కన ఈక్వల్ గుర్తు పెడితే అవి కలిసిపోయి, గణితంలో సమానం కాదు అని రాసే కొట్టివేత గుర్తులా కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, కొత్తగా నేర్చుకునేవారు తాము నొక్కిన మీటలు ఏవో తెరమీద ఉన్నవి ఉన్నట్టు చూడటం అవసరం కాబట్టి మొదటి ఆరు నెలలు వీటిని ఆపేసి ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. జెట్‌బ్రెయిన్స్ మోనో జిప్ ఫైలులో ఎన్ఎల్ అన్న అక్షరాలు చేర్చిన ఫైళ్ళు లిగేచర్లు లేనివి.

దింపుకొని స్థాపించడం

ఫాంటును దాని సొంత ప్రాజెక్టు పుట నుంచి గాని గూగుల్ ఫాంట్స్ నుంచి గాని దింపుకోండి. జిప్ విప్పితే లోపల బోలెడన్ని ఫైళ్ళు కనిపిస్తాయి. వెబ్‌ఫాంట్స్ ఫోల్డరు మీకు అక్కర్లేదు, టీటీఎఫ్ రకంలో రెగ్యులర్, బోల్డ్, ఇటాలిక్, బోల్డ్ ఇటాలిక్ ఈ నాలుగు చాలు. ఫైల్ మేనేజరులో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు బయటపడతాయి. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే లోకల్ ఫోల్డరులోకి, దానిలోని షేర్‌లోకి వెళ్ళి, అక్కడ ఫాంట్స్ పేరుతో ఫోల్డరు లేకపోతే సృష్టించి, ఆ నాలుగింటినీ అందులో వేయండి. తెరిచి ఉన్న ఎడిటర్‌ను (కోడ్ రాసే ప్రోగ్రామును) మూసి మళ్ళీ తెరిస్తేనే కొత్త పేరు జాబితాలోకి వస్తుంది.

కోడులో తెలుగు కూడా రాస్తుంటే

పైన చెప్పిన ఫాంట్లలో వేటిలోనూ తెలుగు అక్షరాలు లేవు. కామెంటులో తెలుగు రాసినప్పుడు ఎడిటర్ మరో ఫాంటు నుంచి అక్షరాలను అరువు తెచ్చుకుంటుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లోనైతే సెట్టింగుల్లో ఫాంట్ ఫ్యామిలీ గడిలో మొదట కోడింగ్ ఫాంటు, కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు, చివర మోనోస్పేస్ అని ఇంగ్లిషులో రాసి ఆ అరువు ఎక్కడి నుంచో మీరే నిర్ణయించవచ్చు. నడుమ ఖాళీలున్న పేర్లకు సింగిల్ కొటేషన్లు పెట్టాలి. తరవాత “లక్ష్మి”, “స్త్రీ”, “రాష్ట్రం” అని ఒకదాని కింద ఒకటి టైప్ చేసి చూడండి. ఒత్తుల కింది భాగం తెగిపోయి కనిపిస్తే లైన్ హైట్‌ను 1.6కు పెంచండి, అప్పటికీ తెగుతుంటే 1.8 చేయండి. తెలుగు అక్షరాలు ఒకే వెడల్పుకు ఒదగవు కాబట్టి తెలుగు కామెంటును కోడ్ వరస చివర కాకుండా దానికి పైన వేరే వరసలో రాస్తే నిలువు వరసలు చెదరవు.

వీఎస్ కోడ్ కూడా లోపల క్రోమ్ బ్రౌజరుకు పునాది అయిన క్రోమియమే అన్న సంగతి చాలామంది గమనించరు. దాన్ని తెరిచారంటే ఒక బ్రౌజరును తెరిచినట్టే. 4 జీబీ యంత్రంలో జీనీ వంటి చిన్న ఎడిటర్ హాయి. అందులో వ్యూ మెనూలోని చేంజ్ ఫాంట్ దగ్గర పేరు ఎంచుకుంటే పని అయిపోతుంది.

బ్రౌజరు బరువు ఎక్కడుంది?

తేలిక బ్రౌజరు అనగానే బరువంతా బ్రౌజరులోనే ఉందనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం పుటలోనూ, ఆ పుటను నడిపే ఇంజన్‌లోనూ ఉంటుంది. లినక్స్ డెస్క్‌టాప్ రూపొందించే కేడీఈ బృందం వారి ఫాల్కన్ బ్రౌజరు కిటికీ చిన్నదే అయినా లోపలి క్యూటీ వెబ్ఇంజన్ క్రోమియం నుంచి వచ్చిందే. కేడీఈ వారే ఒకప్పుడు రాసిన ఇంజన్ కేహెచ్‌టీఎంఎల్ నుంచి వెబ్‌కిట్ పుట్టింది. దాని నుంచి 2013లో విడిపోయిన క్రోమియం ఇంజన్ బ్లింక్ ఇప్పుడు ఫాల్కన్ లోపల ఉంది, తిరిగి తిరిగి పుట్టింటికే చేరినట్టు. కాబట్టి ఒకే బ్రౌజరుతో అన్నీ చేయాలనుకోకుండా పనులను పంచండి.

బ్యాంకు, మెయిల్, వీడియోలకు ఫైర్‌ఫాక్స్ ఉంచుకొని యూబ్లాక్ ఆరిజిన్ చేర్చండి. ప్రకటనలతో పాటు వాటి స్క్రిప్టులు కూడా ఆగిపోతాయి కనుక తేడా వెంటనే తెలుస్తుంది. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబు ఎంత ర్యామ్ తింటోందో కనిపిస్తుంది. ఫాల్కన్‌ను పరీక్షించాలంటే ఏవైనా మూడు పుటలను ఫైర్‌ఫాక్స్, ఫాల్కన్ రెండింటిలోనూ విడివిడిగా తెరిచి, రెండు నిమిషాలు ఆగి, సిస్టమ్ మానిటర్‌లో ఒక్కో బ్రౌజరు ప్రాసెస్‌లన్నీ కూడి పోల్చండి. ఒక్క ప్రాసెస్ అంకె చూసి సంబరపడితే లెక్క తప్పుతుంది.

చదవడానికి మాత్రం డిల్లో పెట్టుకోండి. 1999లో మొదలైన ఈ బ్రౌజరుకు 2015 తరవాత చాలా ఏళ్ళు కొత్త విడుదలే లేదు, 2024లో 3.1.0తో మళ్ళీ లేచింది. జావాస్క్రిప్ట్ నడపదు కాబట్టి లాగిన్లు, చెల్లింపులు దీనిలో కుదరవు, ప్రయత్నించవద్దు కూడా. తెలుగు పుటలను అలవాటుగా చదివేవారు ముందు ఒక పుట తెరిచి సంయుక్తాక్షరాలు విడిపోకుండా వస్తున్నాయో లేదో చూసుకోవాలి. విడిపోతే వాటిని ఫైర్‌ఫాక్స్‌కే వదిలేయండి. డిల్లో అసలు సత్తా ఇంగ్లిషు డాక్యుమెంటేషన్‌లో తెలుస్తుంది. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌ను హెచ్‌టీఎంఎల్ జిప్‌గా ఒకసారి దింపుకొని విప్పి, డిల్లోలో కంట్రోల్, ఓ నొక్కి అందులోని ఇండెక్స్ ఫైలు తెరిస్తే ఇంటర్నెట్ లేకపోయినా పుటలు రెప్పపాటులో మారతాయి.

చివరగా, అక్కడ కూడా మీ ఫాంటే వచ్చేలా చేయండి. సిస్టమ్‌లోని ఈటీసీ ఫోల్డరు కింద డిల్లో ఫోల్డరులో ఉన్న సెట్టింగుల ఫైలు, డిల్లోఆర్‌సీ ఫైలును కాపీ చేసి, హోమ్‌లో చుక్కతో మొదలయ్యే డిల్లో ఫోల్డరులో పెట్టండి. దాన్ని ఎడిటర్‌లో తెరిచి, మోనోస్పేస్ ఫాంటు వరస ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, కొటేషన్ల మధ్య సోర్స్ కోడ్ ప్రో అని ఇంగ్లిషులో రాసి, డిల్లోను మూసి తెరవండి. కోడ్ ఉదాహరణల్లో సున్నా నడుమ చుక్క కనిపిస్తే ఫైలును సరిగ్గా చదివినట్టే.