బ్రిటన్‌లో ఎంపీకి ఆన్‌లైన్‌లో ఉత్తరం రాయడం, పార్లమెంటుకు పిటిషన్ పెట్టడం ఎలా?

బ్రిటన్‌లో ఎంపీకి రాయడానికైనా, పార్లమెంటుకు పిటిషన్ పెట్టడానికైనా వెబ్‌సైట్లు ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. విన్నపం బుట్టదాఖలయ్యేది ఎక్కువగా సంబంధం లేని చోటికి వెళ్లినప్పుడే. కాబట్టి ముందు పని ఎవరిదో తేల్చుకోండి. చెత్త ఎత్తకపోతే లోకల్ కౌన్సిల్‌ను అడగాలి. వీసాలు, రక్షణ లాంటివి వెస్ట్‌మినిస్టర్ (అంటే లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు, ప్రభుత్వం) చేతిలో ఉంటాయి. ఆస్పత్రులు, స్కూళ్ల సంగతి ఇంగ్లండ్‌లో అయితే వెస్ట్‌మినిస్టర్‌దే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో అక్కడి ప్రభుత్వాలే చూసుకుంటాయి.

ఎంపీకి రాయాలంటే 'రైట్ టు దెమ్' సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టండి. మీ కౌన్సిలర్లు, ఎంపీ పేర్లు వరుసగా వస్తాయి. రాసే ముందు 'దే వర్క్ ఫర్ యూ' సైట్‌లో ఆ ఎంపీ సభలో ఏం మాట్లాడారో, ఎటు ఓటేశారో చూసుకోండి. ఆయన ఇప్పటికే సమర్థిస్తున్న విషయం మీద పేజీలకు పేజీలు వాదన దండగ. ఉత్తరంలో పూర్తి పేరు, ఇంటి చిరునామా తప్పనిసరి. ఎంపీలు తమ నియోజకవర్గంలో ఉండేవాళ్ల విషయాలే పట్టించుకోవడం అక్కడి ఆనవాయితీ. మీకు ఓటు ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. వీసా దరఖాస్తు నెలల తరబడి తేలని విద్యార్థి కూడా తన ఎంపీకి రాయొచ్చు.

ఒక ఉత్తరంలో ఒకే కోరిక ఉండాలి. 'వీసా సమస్య గురించి' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 'ఫలానా తేదీన పెట్టిన దరఖాస్తు ఎక్కడ ఆగిందో హోం ఆఫీసును (వీసాలు చూసే ప్రభుత్వ శాఖను) అడగండి' అని రాస్తే ఎంపీ సిబ్బందికి చేయాల్సిన పని కళ్లెదుట ఉంటుంది. ఎవరో పంచిన ఉత్తరాన్ని కాపీ కొట్టి పంపకండి, అచ్చంగా ఒకేలా ఉన్నవాటిని 'రైట్ టు దెమ్' ఆపేస్తుంది. పంపాక మీ ఈమెయిల్‌కి వచ్చే లింక్ నొక్కితేనే ఉత్తరం కదులుతుంది. అది కనిపించకపోతే స్పామ్‌లో వెతకండి.

సమస్య మీ ఒక్కరిది కాక చట్టానికో, ప్రభుత్వ విధానానికో సంబంధించినదైతే పార్లమెంటు పిటిషన్ల సైట్‌కు వెళ్లండి. బ్రిటిష్ పౌరులు, లేదా ఏ దేశస్థులైనా బ్రిటన్‌లో నివసించేవాళ్లు పెట్టొచ్చు, సంతకం చేయొచ్చు. లండన్‌లో ఉన్న కొడుకు చేయొచ్చు గానీ, భారత పౌరుడిగా గుంటూరులో ఉన్న తండ్రి చేయకూడదు. అదే కోరికతో ఇంకో పిటిషన్ ఉంటే మీది తిరస్కరిస్తారు. అందుకే ముందు వెతికి, ఉంటే దాని మీదే సంతకం చేయడం మేలు. శీర్షికకు 80 అక్షరాలే చోటు. ప్రభుత్వమో పార్లమెంటో ఏం చేయాలో అందులోనే తేలిపోవాలి. తర్వాత ఐదుగురు మద్దతు తెలిపితేనే సిబ్బంది పరిశీలిస్తారు. పిటిషన్ ఆరు నెలలు తెరిచి ఉంటుంది, కాకపోతే మధ్యలో సార్వత్రిక ఎన్నికల కోసం పార్లమెంటు రద్దయితే మూతపడిపోతుంది.

10,000 సంతకాలకు ప్రభుత్వం జవాబిస్తుంది. 1,00,000 దాటితే చర్చకు పరిశీలిస్తారు. చర్చ సాధారణంగా సోమవారం సాయంత్రం, పార్లమెంటు ప్రధాన సభలో కాకుండా, వెస్ట్‌మినిస్టర్ హాల్ అనే వేరే చర్చా గదిలో జరుగుతుంది. దాంతో చట్టమేమీ మారిపోదు. 2019లో బ్రెగ్జిట్‌ను (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడాన్ని) ఆపమన్న పిటిషన్‌కు 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి, చర్చా జరిగింది, ప్రభుత్వం మాత్రం కుదరదు పొమ్మంది. అందుకే లింక్ పంచేటప్పుడు, సంతకం చేసినవాళ్లను తమ ఎంపీకి సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసి, చర్చకు వెళ్లమని కోరమనండి. ఖాళీ గదిలో జరిగే చర్చకూ, ముప్ఫై మంది ఎంపీలు వచ్చిన చర్చకూ చాలా తేడా ఉంటుంది.

వాదనకు అంకెలు కావాలంటే 'వాట్ డూ దే నో' సైట్ ద్వారా సమాచార హక్కు కింద ప్రభుత్వ సంస్థలను అడగొచ్చు. అవి 20 పనిదినాల్లోపు జవాబివ్వాలి. మీ ప్రశ్న, మీ పేరు, వాళ్ల జవాబు అన్నీ సైట్‌లో అందరికీ కనిపిస్తాయి గనక సొంత వీసా, వైద్య వివరాలు అక్కడ అడగకండి.