గాజుతో జెల్లీఫిష్ చేసే విధానం

జర్మనీలోని డ్రెస్డెన్‌లో లియోపోల్డ్ బ్లాష్కా 1863 నుంచి, తరువాత కొడుకు రుడాల్ఫ్‌తో కలిసి, సముద్రజీవుల గాజు నమూనాలు చేశాడు. ఎముకలేని ఆ జీవులు ఆల్కహాల్‌లో భద్రపరచిన సీసాలలో రంగు, ఆకారం కోల్పోయేవి కనుక మ్యూజియంలు ఈ నమూనాలను కొనుక్కునేవి.

మొదటి ప్రయత్నానికి జెల్లీఫిష్ అనువైనది. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు గొట్టం, కడ్డీలు తీసుకోండి. మామూలు సోడా గాజును దీనితో కలిపితే వ్యాకోచంలోని తేడా వల్ల అతుకు చల్లారేటప్పుడు పగులుతుంది. ప్రొపేన్, ఆక్సిజన్‌లతో మండే బర్నర్, కంటికి రక్షణ అద్దాలు, గాలి ఆడే గది తప్పనిసరి.

గొట్టం కొనను మూసి, మంటలో ఆపకుండా తిప్పుతూ మెత్తబరచి, మంట బయటికి తీశాక మెల్లగా ఊదితే గొడుగు వంటి బుడగ వస్తుంది. తిప్పడం ఆగితే అది ఒక పక్కకు జారుతుంది. చేతికి ఈ లయ అలవాటు కావడానికే ఎక్కువ కాలం పడుతుంది. బుడగ నెత్తిన పట్టుకడ్డీ అతికించి, గొట్టాన్ని వేరుచేసి, అంచును కాస్త విప్పండి. తరువాత కడ్డీని కరిగించి, జెల్లీఫిష్‌కు వేలాడే సన్నని తీగలుగా సాగదీసి, తీగకొననూ అంచునూ ఒకేసారి ఎర్రబరచి ఒక్కొక్కటిగా అతికించాలి.

ఈ పనంతటిలోనూ గొడుగును నడుమనడుమ మంటలో ఆడిస్తూ ఉండాలి. పూర్తయిన వెంటనే సుమారు 565 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో ఉంచి, లోపలి ఒత్తిడి సడలిన తరువాత గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చండి. తీగలు ఎంత సన్నగా ఉంటే అంత సజీవంగా కనిపిస్తాయి, అంత సులువుగా విరుగుతాయి కూడా. ఆ పెళుసుదనాన్ని దాచవద్దని నా అభిప్రాయం.