బరువు తగ్గించే సర్జరీకి ఇన్సూరెన్స్ అప్రూవల్ ఆగిపోయిందా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

బేరియాట్రిక్ సర్జరీ అవసరమని డాక్టర్ చెప్పారు. పాలసీ ఉంది, ప్రీమియం ఏటా కడుతూనే ఉన్నారు. తీరా హాస్పిటల్ నుంచి ప్రీ-ఆథరైజేషన్ (చికిత్సకు ముందే కంపెనీ అనుమతి కోరే దరఖాస్తు) పంపితే రిజెక్ట్ అయింది, లేదా ఒక క్వెరీకి జవాబిస్తే ఇంకో క్వెరీ వస్తోంది. చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. దయచేసి వదులుకోకండి. మన దేశంలో ఈ సర్జరీకి క్లెయిమ్ రావాలా వద్దా అన్నది ఎక్కువగా ఒకే క్లాజు మీద ఆధారపడి ఉంటుంది. ఆ క్లాజు పక్కన మీ రిపోర్టులు పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు మీకే కనిపిస్తుంది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపుల మాటలను అన్ని కంపెనీలకూ ఒకేలా ఖరారు చేసింది. ఊబకాయానికి సంబంధించినది ఎక్స్‌క్లూజన్ కోడ్ 06. దాని ప్రకారం సర్జరీని డాక్టర్ సూచించి ఉండాలి, వైద్య ప్రమాణాలకు తగినదై ఉండాలి, పేషెంట్‌కు 18 ఏళ్లు నిండాలి. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చూపే అంకె) 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 40 లేకపోతే కనీసం 35 ఉండి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గక, దానికి తోడు నాలుగు తీవ్రమైన జబ్బుల్లో ఒకటైనా ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన కార్డియోమయోపతి (గుండె కండరాల జబ్బు), కరోనరీ గుండె జబ్బు (గుండె రక్తనాళాల జబ్బు), తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోతుండటం), అదుపులో లేని టైప్ 2 డయాబెటిస్. ఇవి నెరవేరకపోతేనే ఖర్చు మినహాయింపు కిందకి వస్తుంది.

సమస్య: "ఒబేసిటీ మీ పాలసీలో కవర్ కాదు" అన్నారు

రిజెక్షన్ నోటి మాటగా వచ్చిందా, కాగితం మీద వచ్చిందా అన్నది ముందు చూడాలి. మినహాయింపుల జాబితాలో 'ఒబేసిటీ' అనే శీర్షిక చూసి, కింద ఉన్న షరతులు చదవకుండానే కవర్ కాదని చెప్పేసే సందర్భాలు ఉంటాయి. ఏజెంట్ మాట, కాల్ సెంటర్ మాట ఏదీ నిర్ణయం కాదు. ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్‌ను తిరస్కరించాలంటే కంపెనీలోని క్లెయిమ్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి, పాలసీలోని ఏ షరతు ప్రకారం తిరస్కరించారో మీకు చెప్పాలి.

ఆఫీసు ఇచ్చిన గ్రూప్ పాలసీ అయితే సంగతి వేరు. కంపెనీ యాజమాన్యం, బీమా సంస్థ కలిసి కుదుర్చుకున్న షరతులు అందులో ఉంటాయి కాబట్టి బేరియాట్రిక్‌కు విడిగా పరిమితి ఉండొచ్చు, పూర్తిగా తీసేసి కూడా ఉండొచ్చు. హెచ్‌ఆర్ దగ్గర మొత్తం పాలసీ కాపీ తీసుకోండి. రెండు పేజీల బెనిఫిట్ సమ్మరీ సరిపోదు.

సమస్య: "బీఎంఐ సరిపోలేదు"

మీరు అర్హులని సర్జన్ చెప్పారు, కాదని కంపెనీ చెప్పింది. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సమాఖ్య, అమెరికా సంఘం కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సర్జరీ సిఫారసు చేయవచ్చని ఉంది. ఆసియా వాసుల విషయంలో 27.5 నుంచే పరిశీలించవచ్చని కూడా ఉంది. మీ పాలసీ మాత్రం పాత గీత దగ్గరే ఉంది. మన శరీరాలకు తక్కువ బీఎంఐ దగ్గరే షుగర్, గుండె జబ్బులు మొదలవుతాయని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు, కాబట్టి ఆ గీత మారాల్సిందేనని నా గట్టి అభిప్రాయం. కానీ ఈరోజు మీ ఫైలును చూసేది అదే గీతతో. బీఎంఐ 32 ఉన్నవారికి ఎన్ని ఉత్తరాలు రాసినా ఈ క్లాజు కింద అప్రూవల్ రావడం కష్టం. ఆ సంగతి ముందే తెలిస్తే డబ్బు ఏర్పాట్లు వేరేగా చేసుకోవచ్చు.

గీతకు దగ్గర్లో ఉన్నవారు కొలత విషయంలో జాగ్రత్తగా ఉండాలి. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 96 కిలోలు, 165 సెంటీమీటర్లు ఉంటే బీఎంఐ 35.3. అదే మనిషికి చెప్పులతో నిలబెట్టి 167 అని రాస్తే 34.4. రెండు సెంటీమీటర్ల తేడాతో ఫైలు వెనక్కి వస్తుంది. పాత కాగితాల్లో ఒకచోట 165, ఇంకోచోట 168 అని ఉన్నా క్వెరీ వేస్తారు. చెప్పులు లేకుండా, గోడకు బిగించిన స్కేలు దగ్గర కొలిపించి, తేదీతో డాక్టర్ సంతకం చేయించుకోండి.

మరో చిక్కు సర్జరీకి ముందు డైట్‌తో వస్తుంది. లివర్ సైజు తగ్గడానికి సర్జన్లు రెండు వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇస్తుంటారు. దాంతో అడ్మిషన్ రోజుకు బరువు తగ్గి బీఎంఐ 35 కిందకి జారవచ్చు. అందుకే డైట్ మొదలుపెట్టే ముందు ఉన్న బరువు, తేదీ, డైట్ ఎందుకు ఇచ్చారు అన్నవి ప్రీ-ఆథరైజేషన్‌తో వెళ్లే డాక్టర్ లెటర్‌లో ఉండేలా చూసుకోండి. ఈ ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల అయిపోయిన అప్రూవల్ కూడా మళ్లీ మొదటికి రావచ్చు.

సమస్య: బీఎంఐ 35 దాటింది, అయినా "కో-మార్బిడిటీ (ఊబకాయానికి తోడు ఉండాల్సిన జబ్బు) లేదు" అన్నారు

లెటర్‌లో బీపీ, ఫ్యాటీ లివర్, మోకాళ్ల నొప్పులు, పీసీఓఎస్ అని ఉంటుంది. అన్నీ నిజమైన బాధలే. కానీ క్లాజులోని నాలుగు జబ్బుల్లో అవి లేవు. వాటిని రాయొద్దని కాదు. ఆ నాలుగింటిలో మీకున్నది ఏదో మొదటి వాక్యంలోనే రావాలి, దానికి రిపోర్టు జతపడాలి.

డయాబెటిస్ అయితే 'షుగర్ ఉంది' అంటే చాలదు. మందులు వాడుతున్నా అదుపులోకి రావడం లేదని తెలియాలి. ఒక్క హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు కంటే కొన్ని నెలల వ్యవధిలో చేయించిన రెండు మూడు రిపోర్టులు, ఆ కాలంలో మందుల డోసు ఎలా పెంచారో చూపే ప్రిస్క్రిప్షన్లు ఎక్కువ బలం. 'అన్‌కంట్రోల్డ్' అనే మాటను డాక్టరే రాయాలి. రిపోర్టు చూసి కంపెనీ వాళ్లే అర్థం చేసుకుంటారని వదిలేయకండి.

గురక ఎక్కువగా ఉండి, పగలంతా నిద్రమత్తుగా ఉంటే స్లీప్ స్టడీ చేయించండి. నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా బాగా తగ్గింది అని చెప్పే ఏహెచ్‌ఐ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే తీవ్రమైనదిగా లెక్క. 15 నుంచి 30 లోపు మధ్యస్థం, అది ఈ క్లాజుకు సరిపోదు. తీవ్రమైన అప్నియా ఉన్నా పరీక్ష చేయించుకోనివారు ఎందరో ఉంటారు. అప్రూవల్ సంగతి పక్కన పెట్టినా, మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ విషయం ముందే తెలియడం మీ ప్రాణానికి మంచిది.

సమస్య: "ఇతర పద్ధతులు ప్రయత్నించినట్టు ఆధారాల్లేవు"

ఎన్నో ఏళ్లుగా డైటింగ్ చేసి, నడిచి, తగ్గి, మళ్లీ పెరిగి విసిగిపోయినవారికి ఈ క్వెరీ మనసును గుచ్చుతుంది. కష్టపడ్డారు, కానీ కాగితం లేదు. జిమ్ రసీదు పెద్దగా పనికిరాదు. డాక్టర్ లేదా డైటీషియన్ రాసిన, తేదీలు, బరువు అంకెలు ఉన్న నోట్స్ కావాలి. పాత ప్రిస్క్రిప్షన్ల మీద బరువు రాసి ఉంటుంది, అవన్నీ తీసి వరుసగా పెట్టండి. ఏమీ దొరకకపోతే ఇప్పటినుంచైనా నెలనెలా డాక్టర్‌ను కలిసి బరువు రాయించుకోండి. ఎన్ని నెలలన్నది కోడ్ 06లో లేదు. మీ కంపెనీ అడిగితే ఎంత కాలానివి కావాలో ఈమెయిల్‌లో చెప్పమనండి. బీఎంఐ 40 దాటినవారిని కూడా ఇవి అడుగుతుంటారు. క్లాజు మాటల ప్రకారం ఈ షరతు 35 వర్గానికి చెందినది. ఆ మాట జవాబులో రాయవచ్చు, కానీ కాగితాలు ఉంటే జతచేయడమే త్వరగా తెమిలే దారి.

సమస్య: వెయిటింగ్ పీరియడ్ పూర్తి కాలేదు

చాలా పాలసీల్లో ఈ సర్జరీకి విడిగా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024 నుంచి ముందే ఉన్న జబ్బులకైనా, పేర్కొన్న చికిత్సలకైనా గరిష్ఠం 36 నెలలు. వేరే కంపెనీ నుంచి పోర్ట్ అయి వచ్చారా? అక్కడ పూర్తయిన కాలం ఇక్కడ కలవాలి. కలపకపోతే పాత పాలసీల కాపీలు పంపండి. నిజంగానే కొన్ని నెలలు మిగిలి ఉంటే, డాక్టర్ ఆగవచ్చంటే ఆగడమే మేలు.

సమస్య: "జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు"

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో బరువు 80 కిలోలని, ఇప్పుడు 112 అని ఉంటే అనుమానిస్తారు. బరువు తర్వాతే పెరిగి ఉంటే మధ్య సంవత్సరాల రికార్డులే జవాబు. ఇంకోవైపు, కేస్ షీట్‌లో 'పదేళ్లుగా షుగర్' అని ఎవరో అంచనాగా రాసేస్తారు, మీకు నాలుగేళ్లే అయి ఉండొచ్చు. అలాంటప్పుడు మొదటి రిపోర్టు చూపించి, డాక్టర్‌తో సవరణ లెటర్ రాయించండి. కానీ నిజమైన తేదీని మార్చమని మాత్రం ఎవరినీ అడగకండి, దొరికితే పాలసీయే పోతుంది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచి ఉంటే, మోసం రుజువైతే తప్ప దాచారన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చలేరు. మధ్యలో పెంచుకున్న సమ్ ఇన్సూర్డ్‌కు మాత్రం ఈ లెక్క పెంచిన రోజు నుంచి మొదలవుతుంది.

సమస్య: అప్రూవల్ వచ్చింది, మొత్తం తక్కువ

సబ్-లిమిట్ (ఈ సర్జరీకి విడిగా పెట్టిన గరిష్ఠ మొత్తం) ఉందేమో, గది అద్దె పరిమితి దాటారేమో చూడండి. ఈ సర్జరీ బిల్లులో స్టాప్లర్లు (పొట్టను కత్తిరించి పిన్నులతో మూసే పరికరాలు), వాటి కార్ట్రిడ్జ్‌ల వాటా పెద్దది. ఎస్టిమేట్‌లో అవి విడిగా కనిపించేలా రాయించి పంపితే చివర్లో వాదన తగ్గుతుంది. బరువు తగ్గాక వేలాడే చర్మం తీయించుకోవడం వేరే చికిత్స, దాన్ని సాధారణంగా కాస్మెటిక్ కింద తిరస్కరిస్తారు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒప్పుకోకపోతే

క్యాష్‌లెస్ నిరాకరించినంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు, రీయింబర్స్‌మెంట్‌కు (ముందు మీరు కట్టి, తర్వాత కంపెనీ నుంచి తిరిగి తీసుకోవడానికి) వెళ్లవచ్చు. అయితే కారణం సరిదిద్దకుండా సొంత డబ్బుతో సర్జరీ చేయించుకుని తర్వాత చూద్దామనుకోవడం ప్రమాదం. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తీర్పు ఇచ్చే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు చేయాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్ ఆఫీసే. అంబుడ్స్‌మన్ అవార్డు (తీర్పు) ఇస్తే కంపెనీ దానికి కట్టుబడాలి. ఫిర్యాదుతో పాటు రిజెక్షన్ లెటర్, కోడ్ 06 ఉన్న పాలసీ పేజీ, దాని షరతులకు సరిపోయే మీ రిపోర్టులు అదే వరుసలో పెట్టి ఇవ్వండి.