నడుము నొప్పి తగ్గుతుందని టమ్మీ టక్‌కు (సాగిన పొట్టను బిగించే ఆపరేషన్‌కు) సిద్ధమవుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

• నొప్పి దేనివల్ల వస్తోందో ముందు తేల్చుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. కాన్పుల తర్వాత పొట్ట మధ్యలోని రెండు నిలువు కండరాలు ఎడమైపోతే నడుముకు ముందువైపు ఆసరా తగ్గుతుంది. టమ్మీ టక్‌లో చర్మం తీసేయడంతోపాటు ఆ కండరాలను దగ్గరకు లాగి కుట్టినప్పుడు కొందరికి నొప్పి తగ్గుతుంది. 2018లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 214 మంది మహిళల్లో ఎక్కువమందికి 6 నెలలకు మెరుగు కనిపించింది. కానీ డిస్క్ జారి నరం నొక్కుకుంటుంటే ఈ ఆపరేషన్ దాన్ని సరిచేయదు.

• కాలు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే ఆపరేషన్ మాట పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ దగ్గరకు వెళ్లండి.

• కండరాలు కూడా కుడతారా, చర్మం మాత్రమే తీస్తారా? సర్జన్‌ను సూటిగా అడగండి. మొహమాటం వద్దు.

• ముందు కొన్ని నెలలు ఫిజియోథెరపీ చేసి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది.

• ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగండి. గర్భంతో ఆ కుట్టు మళ్లీ సాగిపోవచ్చు.

• పొగ తాగేవారు కనీసం 4 వారాల ముందే మానేయాలి, లేకపోతే గాయం సరిగా మానదు. రక్తం పలచబరిచే మందుల గురించి తప్పక చెప్పండి, సొంతంగా ఆపకండి.

• మొదటి వారం, రెండు వారాలు వంగి నడవాలి కాబట్టి నడుము నొప్పి పెరిగినట్టే అనిపిస్తుంది. టెన్షన్ పడకండి. సుమారు 6 వారాలు బరువులెత్తకూడదు, ఇంట్లో తోడు ఇప్పుడే చూసుకోండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.