తుపాకీ పట్టిన సైనికుడి పెన్సిల్ డ్రాయింగ్: ఎక్కడ తేడా కొడుతోంది?

చేతిలో తుపాకీ ఆటవస్తువులా ఉంది

మనిషిని పూర్తిగా గీసేసి, మిగిలిన చోట్లో తుపాకీని ఇరికిస్తే అది పొట్టిదైపోతుంది. ఏకే-47 పొడవు సుమారు 87 సెంటీమీటర్లు, మనిషి తల ఎత్తు సుమారు 22. అంటే పక్కనుంచి చూస్తే తుపాకీ దాదాపు నాలుగు తలలంత ఉండాలి. హెల్మెట్ కలపకుండా తలనే కొలవండి. గొట్టం మనవైపు తిరిగి ఉంటే ఈ లెక్క కుదరదు. అప్పుడు ముందు ఒక పొడవాటి పెట్టె గీసి, అందులో తుపాకీని కూర్చోబెట్టాలి.

కొలత సరిపోయినా తేలిపోతోందా? బరువు కనిపించడం లేదన్నమాట. తూటాలు నింపితే అది నాలుగు కిలోల పైనే. పట్టీ భుజాన్ని నొక్కిన చోట బట్ట లోపలికి పోయి, రెండు పక్కలా ముడతలు లేస్తాయి. పట్టీ అంచు వెంట సన్నగా ముదురు నీడ వేయండి, బరువు దిగుతుంది.

వేళ్లు అతికించినట్టున్నాయి

చేతిని, తుపాకీని విడివిడిగా గీయడం వల్లే ఇలా అవుతుంది. పిడి మొత్తం లైట్‌గా గీసి, దాని చుట్టూ వేళ్లు తిప్పి, కనపడని గీతలు తర్వాత చెరపండి. ఇంకో మాట: శిక్షణ పొందిన సైనికుడు కాల్చబోయేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడు. చూపుడువేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు బయట, తుపాకీ పక్కన తిన్నగా ఆని ఉంటుంది. తెలిసినవాళ్లు ముందు చూసేది ఆ వేలినే.

మచ్చల యూనిఫాం గోడకు అంటించిన కాగితంలా ఉంది

మచ్చలతో మొదలుపెట్టారు. ముందు సాదా బట్ట అనుకుని మామూలు హెచ్‌బీ పెన్సిల్‌తో వెలుగునీడలు పూర్తిచేయండి. తర్వాతే మచ్చలు. ముడత దగ్గర మచ్చ విరగాలి, నీడలోకి వెళ్లిన సగం ఇంకా ముదరాలి.

నల్లటి లోహం బూడిదరంగులో మెరుస్తోంది

గట్టిగా నొక్కిన గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకు, మెరుస్తుంది. మెత్తగా, నల్లగా పడే 4బీ, 8బీ పెన్సిళ్లతో చేయి తేల్చి పొరలుగా వేయండి. ఇంకా నలుపు కావాలంటే చార్‌కోల్ పెన్సిల్ ఉంది, కానీ గ్రాఫైట్ మీద అది సరిగ్గా పట్టదు. ఆ చోటు ముందే ఖాళీగా ఉంచుకోండి.

ముఖంలో ప్రాణం లేదు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తుపాకీకి గంటలు పెట్టి, దాన్ని మోసే మనిషికి పది నిమిషాలు కూడా ఇవ్వం. హెల్మెట్ అంచు నీడ నుదుటి మీద, కళ్ల మీద పడుతుంది. అక్కడ కంటి తెల్లగుడ్డును కాగితం తెలుపుగా వదిలేస్తే చూపు గాజుకన్నులా అవుతుంది. తెల్లగుడ్డు మీద కూడా పల్చగా హెచ్‌బీ షేడింగ్ వేసి, ఎరేజర్ మొనతో నల్లగుడ్డు మీద ఒక్క చుక్క వెలుగు తీయండి.